కొనేటప్పుడే లాభం: పాత ల్యాప్‌టాప్‌లతో పక్క ఆదాయం

మీ చుట్టాల్లో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా ముందు మీకే ఫోన్ వస్తుందా? మేనమామ ఇంటికి భోజనానికి వెళ్తే, కంచం ముందు కూర్చోకముందే "ఒరేయ్, ఇది ఆన్ అవడానికి పావుగంట పడుతోంది, కాస్త చూడరా" అంటారా? మీరు హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్సెస్డీ వేసి, లోపలి దుమ్ము దులిపి ఇస్తే "కొత్తదానిలా అయిందే!" అని మురిసిపోతారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. ఇన్నాళ్లూ ఒక కప్పు కాఫీకి చేసిపెడుతున్న పనికి నాలుగు రూపాయలు వచ్చే దారి ఉంది. పాత ల్యాప్‌టాప్ కొని, బాగుచేసి, బిల్లుతో, వారంటీతో అమ్మడం.

ఉద్యోగం మానక్కర్లేదు. షాపు అద్దెకు తీసుకోనక్కర్లేదు. ఇంట్లో ఒక బల్ల, దాని మీద మంచి వెలుతురు, శని ఆదివారాల్లో కాసింత తీరిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

కానీ కొత్తగా దిగినవాళ్లలో ఎక్కువమంది ఒక చోట దారి తప్పుతారు. తమ పనితనంలోనే లాభం ఉందనుకుంటారు. "చచ్చిన బోర్డుకైనా ప్రాణం పోస్తాను, చవగ్గా వస్తే చాలు" అని ఏది కనిపిస్తే అది కొనేస్తారు. తీరా ఇంటికి తెచ్చాక దానికి బయాస్ పాస్‌వర్డ్ ఉంటుంది, లేదా హింజ్ విరిగి ఉంటుంది, లేదా బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. మూడు ఆదివారాలు కష్టపడి, చేతిచమురు వదిలించుకుని, చివరికి కొన్న ధరకే అమ్ముకుంటారు. ఈ వ్యాపారంలో లాభమో నష్టమో డబ్బు చేతులు మారే ముందు మీరు చేసే ఇరవై నిమిషాల పరీక్షలోనే చాలావరకు తేలిపోతుంది.

అందుకే స్క్రూడ్రైవర్ కంటే ముందు ఒక కాగితం తయారు చేసుకోండి. యంత్రం సీరియల్ నంబరు, ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ ఆరోగ్యం, బ్యాటరీ ఎంత మిగిలింది, కీబోర్డు, డిస్‌ప్లే, పోర్టులు, కనిపించే గీతలు, సొట్టలు. ఒక్కొక్కదానికి ఒక్కో గడి. దీన్ని పరీక్ష కాగితం అందాం. కొనేటప్పుడు నింపేది ఇదే, ధర కట్టేది దీన్ని చూసే, చివరికి కొన్నవారి చేతికి ల్యాప్‌టాప్‌తో పాటు ఇచ్చేది కూడా దీనినే. లోపాన్ని కొనేవారు కనిపెట్టకముందే మీరు రాసి ఇస్తే, ఆ తర్వాత ఆయన మీతో పోట్లాడటానికి ఏమీ ఉండదు.

ఏది కొనకూడదో ముందు తెలుసుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో స్థూలంగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి, లేదా వాటి తర్వాతి ప్రాసెసర్లు కావాలి. దాంతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి. దీని ఫలితం ఏమిటో ఊహించారా? కంపెనీలు వదిలించుకున్న 6వ, 7వ తరం ల్యాప్‌టాప్‌లు బజారులోకి కుప్పలుగా వచ్చిపడ్డాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ధర చూస్తే నోరూరుతుంది. కొత్తవాళ్లు పడే మొదటి గుంట ఇదే.

అమ్మేవాడు "ఐ7 అన్నా, ఐ7! ఈ రేటుకి ఐ5 కూడా రాదు" అంటాడు. మీరు ఆ మాట వినకండి, మోడల్ నంబరు చూడండి. ఐ7-7500యు అని ఉంటే గీత తర్వాత వచ్చిన 7 దాని తరం. అందులో ఉన్నవి రెండే కోర్లు. పక్కనే ఉన్న ఐ5-8250యులో నాలుగు కోర్లు ఉంటాయి, పైగా విండోస్ 11 ఎక్కుతుంది. పేరుకు చిన్నదైనా పనికి పెద్దది ఐ5యే. 10వ తరం నుంచి గీత తర్వాత రెండు అంకెలు చూడాలి: ఐ5-10210యు అంటే 10వ తరం.

మద్దతు లేని యంత్రంలో కూడా చిట్కాలతో విండోస్ 11 ఎక్కించవచ్చు. అలా ఎక్కించి, ఆ సంగతి దాచిపెట్టి మాత్రం అమ్మకండి. అప్‌డేట్లు వస్తాయన్న హామీ దానికి లేదు. ఆరు నెలల తర్వాత ఏదో ఒకటి ఆగిపోతే కొన్నవారు మీ పేరే చెప్పుకుంటారు. పాత తరం యంత్రం చేతికొస్తే లైనక్స్ మింట్ లాంటిది వేసి, "ఇది లైనక్స్, బ్రౌజింగ్‌కి, టైపింగ్‌కి బాగుంటుంది" అని స్పష్టంగా చెప్పి తక్కువ ధరకు ఇవ్వండి. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న హైదరాబాద్ సంస్థ 'స్వేచ్ఛ' లాంటి వాటి పుణ్యమా అని మన దగ్గర లైనక్స్ తెలిసిన కుర్రాళ్లు బాగానే ఉన్నారు. అలాంటివాళ్లు దొరికితే అమ్మకం తేలిక.

మరి ఏది కొనాలి? మొదటి ఏడాది ఆఫీసు వాడకం కోసం చేసిన మోడళ్లనే నమ్ముకోండి. లెనోవో థింక్‌ప్యాడ్ టి480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జి5. మూడూ 8వ తరంతో బాగా దొరికేవే, మూడింటిలోనూ ర్యామ్ మార్చుకోవచ్చు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. షోరూముల్లో మెరిసే పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 4 జీబీతో పుడితే 4 జీబీతోనే పోతాయి.

ఇంకో మాట. అందరూ ల్యాప్‌టాప్‌ల వెంట పడతారు గానీ, నా మటుకు మొదటి కొనుగోలుకు జానెడు వెడల్పు మినీ డెస్క్‌టాప్ మేలనిపిస్తుంది. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి. బ్యాటరీ లేదు, హింజ్ లేదు, డిస్‌ప్లే లేదు. అంటే చెడిపోయేవి సగానికి సగం లేవు. జిరాక్స్ షాపులు, మీసేవ కేంద్రాలు, క్లినిక్ రిసెప్షన్లు వీటిని ఇష్టంగా కొంటాయి.

ఎక్కడ దొరుకుతాయి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లకూ తెలుసు. బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ కూడా ఇలాంటివే. విడిభాగాలకు, ధరలు తెలుసుకోవడానికి ఇవి బంగారం లాంటి చోట్లు. ఒక శనివారం ఏమీ కొనకుండా ఊరికే నాలుగు షాపులు తిరిగి, ఒకే మోడల్‌కి నలుగురూ ఏం చెబుతున్నారో రాసుకుని రండి.

కొనడానికి మాత్రం ఇంకా మంచి చోట్లున్నాయి. మీ అపార్ట్‌మెంట్‌లో కొత్తది కొన్న కుటుంబం. చదువుకోసం విదేశానికి వెళ్తున్న అమ్మాయి. మూసేస్తున్న చిన్న ఆఫీసు. వీళ్లకు పాత యంత్రం ఇంట్లోంచి కదిలితే చాలు. బిల్లు ఉంటుంది, ఎవరు వాడారో తెలుస్తుంది. ఇక లాట్‌గా పదీ ఇరవై ఒకేసారి కొనే బేరాలు, వేలంపాటలు మొదటి సంవత్సరం మీకొద్దు. లాట్‌లో పైన పెట్టి చూపించే రెండు అద్దంలా ఉంటాయి. అడుగున ఉన్నవాటిని తెరిచి చూసే అవకాశం చాలాసార్లు ఇవ్వరు.

ఇరవై నిమిషాల పరీక్ష

పరీక్ష కాగితం, ఒక పెన్‌డ్రైవ్, మీ ఫోన్ హాట్‌స్పాట్ వెంట ఉంచుకోండి. "అర్జెంటుగా వెళ్లాలి, తొందరగా చూసుకోండి" అని అమ్మేవారు తొందరపెడితే, "సరేనండీ, మీకు వీలైనప్పుడే వస్తాను" అని లేచి వచ్చేయండి.

1. ముందు బల్ల మీద మూసిపెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా? టచ్‌ప్యాడ్ కొద్దిగా పైకి లేచి, నొక్కితే క్లిక్ అవడం లేదంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. మూత నెమ్మదిగా తెరిచి మూయండి. హింజ్ దగ్గర చిటపట శబ్దం వచ్చినా, అంచు విచ్చుకున్నా కాగితంలో రాసుకోండి.

2. ఆన్ చేయగానే బయాస్‌లోకి వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగిందా? "సెల్ తీసి పెడితే పోతుంది సార్" అంటారు. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అలా పోదు, అది బోర్డు మీద వేరే చిప్‌లో ఉంటుంది. వదిలేయండి.

3. కంపెనీ తాళం చూడండి. దీన్ని మించిన ముఖ్యమైన పరీక్ష లేదు. ఆఫీసుల్లో వాడిన చాలా ల్యాప్‌టాప్‌లు ఆటోపైలట్ అనే పద్ధతిలో ఆ కంపెనీ పేరున నమోదై ఉంటాయి. డిస్క్ మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేసినా, ఇంటర్నెట్ తగలగానే "ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు ఐడీతో లాగిన్ అవండి" అని తెర మీద పడుతుంది. అమ్మేవారు ఇంటర్నెట్ కలపకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు. కాబట్టి మీరు వెళ్లేముందే యంత్రాన్ని రీసెట్ చేసి ఉంచమని చెప్పి, వెళ్లాక మీ హాట్‌స్పాట్ కలిపి, మొదటి సెటప్ మీ కళ్ల ముందే పూర్తి చేయించండి. బయాస్‌లో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే చోట యాక్టివేటెడ్ అని ఉన్నా ఆగండి. మ్యాక్‌బుక్ అయితే పాత యజమాని ఐక్లౌడ్ నుంచి తన చేత్తో తానే బయటకు రావాలి. లేకపోతే అది మీకు బరువైన పలక మాత్రమే.

4. డిస్‌ప్లే మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటీ తెర నిండా పెట్టి చూడండి. తెలుపులో మచ్చలు, నలుపులో వెలుగు చుక్కలు కనిపిస్తాయి. మూతను ముందుకూ వెనక్కూ కదుపుతూ చూస్తే కేబుల్ నలిగిన సంగతి తెలుస్తుంది.

5. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. ప్రతి ఒక్కటీ. స్పేస్‌బార్ రెండు చివరలా నొక్కండి.

6. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి. ఛార్జర్ పిన్ను పెట్టి కొద్దిగా కదపండి, ఛార్జింగ్ ఆగి ఆగి వస్తుందా? కెమెరా, మైకు, స్పీకర్లు, వైఫై.

7. డిస్క్ ఆరోగ్యానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లండి. గుడ్ అని ఉందా, కాషన్ అని ఉందా, ఎన్ని గంటలు నడిచింది, అన్నీ చెబుతుంది.

8. బ్యాటరీకి విండోస్‌లోనే నివేదిక ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని రాస్తే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 30,000 అని ఉంటే బ్యాటరీలో 60 శాతమే మిగిలిందని లెక్క. అంత తగ్గిన బ్యాటరీకి కొత్తదాని ఖర్చు కొనుగోలు ధరలోనే తగ్గించి అడగండి.

9. చివరగా ఒక వీడియో తెర నిండా పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాల్లో బేరం మాట్లాడుకోవచ్చు. ఫ్యాను గోల పెడుతోందా? అడుగున చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందా? మధ్యలో ఆగిపోయిందా?

ర్యామ్ ఎంత ఉందో తప్పక చూసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్సెస్డీల ధరలు బాగా పెరిగాయి. ఉన్న 16 జీబీలోంచి ఒక ర్యామ్ స్టిక్ తీసేసి 8 జీబీతో అమ్మేవాళ్లున్నారు. ఒకప్పుడు "ర్యామ్‌దేముంది, మనమే వేసుకుందాం" అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ మాట అనే ముందు ఆరోజు ధర కనుక్కోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయా? ఇంకో ప్రశ్న మిగిలింది. ఇది ఎవరిది? దొంగ సొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. అసలు బిల్లు అడగండి. లేదంటే అమ్మేవారి గుర్తింపు కార్డు నకలు, ఫోన్ నంబరు తీసుకుని, సీరియల్ నంబరు వేసి, "నా సొంత ల్యాప్‌టాప్‌ను ఇంత మొత్తానికి అమ్మాను" అని రాయించి సంతకం పెట్టించుకోండి. డబ్బు యూపీఐలో పంపండి. సంతకం అనగానే వెనక్కి తగ్గినవారి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

బల్ల మీద పని

కావలసినవి ఎక్కువ లేవు. చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, అడుగు మూత విప్పడానికి ప్లాస్టిక్ పట్టీలు, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, థర్మల్ పేస్ట్, మైక్రోఫైబర్ గుడ్డ, ఒక మల్టీమీటర్. విప్పిన స్క్రూలు ఏ రంధ్రానివో అదే క్రమంలో ఒక కాగితం మీద గుచ్చి ఉంచండి. పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డుకో కీబోర్డుకో దిగబడుతుంది.

మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఆ తర్వాతే మిగతావి ముట్టుకోండి. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దుమ్ము తీయండి. ఎండిపోయిన పాత పేస్ట్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. మెల్లగా తీసి, కాలే వస్తువులకు దూరంగా ఇసుక పోసిన డబ్బాలో పెట్టండి.

హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్సెస్డీ వేయడమే మీరు చేయగల అతి పెద్ద మేలు. ఆ ఒక్క మార్పుతో ఆన్ అవడానికి పట్టే సమయం నిమిషాల నుంచి సెకన్లకు దిగుతుంది.

ఇక అందం సంగతి. దీన్ని చిన్నచూపు చూడకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మూత మీద బార్‌కోడ్ స్టిక్కరు ఉంటుంది, లేదా పీకేసిన చోట నల్లటి జిగురు మరక ఉంటుంది. గోటితో గీకితే గీత పడుతుంది. థిన్నరో పెట్రోలో రాస్తే పైపూత కూడా లేచివస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో తక్కువ వేడి మీద అర నిమిషం చూపించి, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగండి. మిగిలిన జిగురును ఆల్కహాల్ తడిపిన గుడ్డతో గుండ్రంగా రుద్దితే ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది. కీల మధ్య సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న చేతి జిడ్డును పాత టూత్‌బ్రష్‌తో ఓపిగ్గా తీయండి. తెర మీద నేరుగా ఏదీ చల్లకండి, గుడ్డకు రాసి తుడవండి. ఈ పనికి గంట పడుతుంది. కొనేవారు ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకున్న మొదటి క్షణంలో చూసేది ఈ గంట పనినే.

పాత యజమాని ఫొటోలు ఎక్కడికి పోయాయి?

క్విక్ ఫార్మాట్ కొడితే అంతా చెరిగిపోయిందనుకుంటున్నారా? హార్డ్‌డిస్క్‌లో అలా చెరిపినవి చాలావరకు మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి వస్తాయి. ఎవరో ఇంటి పెళ్లి ఫొటోలు, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో ఉంటాయి. అవి మీ చేతుల మీదుగా ముక్కూ మొహం తెలియనివాళ్లకు చేరకూడదు. హార్డ్‌డిస్క్ అయితే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ ఆల్ ఆదేశంతో మొత్తం సున్నాలతో నింపండి. కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఎంచుకున్న డిస్క్ అదేనా కాదా అని రెండుసార్లు చూసుకున్నాకే ఆదేశం ఇవ్వండి. ఎస్సెస్డీకి తయారీదారు ఇచ్చే టూల్‌లో గానీ, చాలా ఆఫీసు మోడళ్ల బయాస్‌లో గానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది. పని పూర్తయ్యాక "మీ డేటా పూర్తిగా తుడిచేశానండి" అని పాత యజమానికి ఒక మెసేజ్ పెట్టండి. ఆ ఒక్క మెసేజ్ చూసి వారు తమ ఆఫీసులో ఇద్దరికి మీ నంబరు ఇస్తారు.

ఆ తర్వాత విండోస్. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ విండోస్‌తో వచ్చిన యంత్రాల్లో లైసెన్స్ బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసి నెట్ కలిపితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. క్రాక్ చేసిన విండోస్, దొంగ యాక్టివేటర్లు మీ బల్ల దగ్గరికే రానివ్వకండి. వాటితో వైరస్‌లు వస్తాయి, బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. డ్రైవర్లు, అప్‌డేట్లు అయ్యాక ఒక రోజంతా నడిపి చూసి, పరీక్ష కాగితం కొత్తగా నింపండి.

ధర వెనకనుంచి కట్టండి

"కొన్నదాని మీద మూడు వేలు వేసుకుని అమ్ముతా" అనే లెక్క ఎంత సులువో అంత ప్రమాదం. మీ ఊళ్లో అది ఎంతకు అమ్ముడుపోతుందో ముందు కనుక్కోండి, అక్కడినుంచి వెనక్కి రండి. ఉదాహరణకు ఒక యంత్రం 17,500కు పోతుందనుకుందాం. అంకెలు లెక్క కోసమే, మీ బజారు ధరలు మీరు వేసుకోండి. బ్యాటరీ 1,900, ఛార్జర్ 700, పేస్ట్, శుభ్రం చేసే సరుకు 150, తిరుగుడు ఖర్చు 250, వారంటీ కోసం పక్కన పెట్టేది 500. మొత్తం 3,500. మీకు 2,500 మిగలాలంటే కొనుగోలు 11,500 దాటకూడదు. అమ్మేవారు 13,000 దగ్గర మొండికేస్తే? నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఆ 500 గురించి ఒక మాట. దాన్ని వేరే కవరులోనో, వేరే ఖాతాలోనో పెట్టండి, ఇంటి ఖర్చుకు వాడకండి. పది యంత్రాలు అమ్మితే 5,000 పోగవుతుంది. ఎవరిదో ఒకరిది ఇరవయ్యో రోజున ఎస్సెస్డీ పోయినప్పుడు, "తీసుకురండి, మార్చి ఇస్తాను" అని తడుముకోకుండా చెప్పగలిగేది ఆ డబ్బు వల్లే.

అమ్మేటప్పుడు అడగాల్సినవి

"సూపర్ కండిషన్, అర్జెంట్ సేల్, ఓన్లీ జెన్యూన్ బయ్యర్స్" అని పెట్టిన ప్రకటనలు రోజుకెన్ని చూస్తున్నారు? మీరు అలా రాయకండి. మోడల్, తరం, ర్యామ్, డిస్క్, బ్యాటరీ శాతం రాసి, "మూత మీద ఎడమ మూల చిన్న గీత ఉంది, ఫొటో చూడండి. బిల్లు, మూడు నెలల వారంటీ ఇస్తాను" అనండి. గీతను దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. దాంతో ఊరికే అడిగి వదిలేసే ఫోన్లు తగ్గుతాయి, వచ్చినవారు బేరంలో ఆ గీతను సాకుగా వాడలేరు.

ఎవరు వచ్చినా మీరే ముందు ప్రశ్నలు వేయండి. గుంటూరు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడనుకోండి.

"బాబూ, మా అమ్మాయికి బీటెక్‌లో సీటొచ్చింది. నాలుగేళ్లు వస్తుందా ఇది?"

"ఏ బ్రాంచి అండీ?"

"సివిలంట. ఏదో డ్రాయింగు సాఫ్ట్‌వేరు వాడాలంటున్నారు."

ఇక్కడ మీ దగ్గరున్నది గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్. ఏం చేస్తారు? "మొదటి ఏడాదికి పర్వాలేదండీ, పెద్ద డ్రాయింగులకు మాత్రం ఆగిపోతుంది. కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్ అడుగుతున్నారో కనుక్కుని చెప్పండి, దానికి తగ్గది చూస్తాను" అని చెప్పండి. ఆ రోజు అమ్మకం పోవచ్చు. కానీ అమ్మాయికి సరిపోనిది అంటగడితే ఆ తండ్రి కష్టార్జితం వృథా అవుతుంది, అది మీకు తెలిసే జరుగుతుంది.

అలాగే ట్యాలీ చేసుకునే అకౌంటెంటు వస్తే ప్రాసెసర్ గురించి ఆయన పెద్దగా పట్టించుకోడు. అంకెల కీప్యాడ్ విడిగా ఉందా అని చూస్తాడు. 14 అంగుళాల ఆఫీసు మోడళ్లలో అది మామూలుగా ఉండదు. 15.6 అంగుళాలది చూపించండి, లేదా విడి కీప్యాడ్ ఒకటి జతచేసి ఇవ్వండి.

సీజన్ కూడా తెలిసి ఉండాలి. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలిచే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైనప్పటి నుంచి కాలేజీలు తెరిచేదాకా ఫోన్లు ఎక్కువ. అంతకు రెండు నెలల ముందే కొని సిద్ధం చేసుకున్నవాళ్లకే మంచి ధరలు దొరుకుతాయి.

మోసాల సంగతి మరచిపోకండి. "నేను ఆర్మీలో ఉన్నాను, చూడకుండానే కొంటాను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు మీకు వస్తుంది" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. స్క్రీన్‌షాట్ చూసి కాదు, మీ ఖాతాలో జమ చూసుకుని యంత్రం ఇవ్వండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

బిల్లు, పన్ను, చెత్త

పక్క ఆదాయమే కదా అని బిల్లు లేకుండా అమ్మకండి. సీరియల్ నంబరు, ధర, తేదీ, వారంటీలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నీ రాయండి. నీళ్లు పడితే, కింద పడితే వారంటీ లేదని మాటతో కాదు, కాగితం మీద ఉండాలి.

సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షల టర్నోవర్, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. అయితే పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, మొదటి అమ్మకం నుంచే నమోదు కావాలి. హైదరాబాద్‌లో ఉండి విజయవాడకు పార్సిల్ వేసేవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. నమోదయ్యాక పాత సామాన్లకు ఒక వెసులుబాటు ఉంది: కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, పన్ను మొత్తం ధర మీద కాకుండా మీ మార్జిన్ మీదే కట్టవచ్చు. మీ ఆడిటర్‌తో ఒక గంట కూర్చుని ఇది రాయించుకోండి. ప్రభుత్వ ఉద్యోగులు సర్వీసు నిబంధనలు, ప్రైవేటువారు తమ అపాయింట్‌మెంట్ ఒప్పందం ఒకసారి చదువుకుని దిగాలి.

పోయిన బోర్డులు, బ్యాటరీలు పాత సామాన్ల బండికి వేయకండి. రాగి కోసం వాటిని బహిరంగంగా కాలిస్తే ఆ పొగ పీల్చేది ఆ పని చేసే పిల్లలే. ఒక పెట్టెలో పోగుచేసి, నమోదైన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కు ఇవ్వండి.

మొదటి మూడు

మొదటిది తెలిసినవారి దగ్గరే కొనండి. అది అమ్ముడుపోయేదాకా రెండోది కొనకండి, ఎంత మంచి బేరం వచ్చినా సరే. ప్రతి యంత్రానికీ ఎన్ని గంటలు పట్టిందో పరీక్ష కాగితం వెనక రాసుకోండి, కొనడానికి తిరిగిన గంటలతో సహా. మూడోది అమ్ముడై, దాని వారంటీ మొదటి నెల గడిచాక లెక్క తీయండి: గంటకు ఎంత మిగిలింది? ఎన్ని ఫోన్లు వచ్చాయి? వాటిలో ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని "మా తమ్ముడికి కూడా ఒకటి కావాలి" అన్నవి? నాలుగోది కొనాలో వద్దో ఆ అంకెలు చూసి తేల్చుకోండి. కౌన్సెలింగ్ రోజులు దగ్గరపడుతుంటే మాత్రం, లెక్క బాగుంటే ఈసారి రెండు తెచ్చి సిద్ధంగా ఉంచుకోవచ్చు.